మా అమ్మాయి డిగ్రీ, నా చీలమండ

డిగ్రీ మా అమ్మాయిది. ప్రాక్టికల్సు జరిగింది మాత్రం నా ఒంటి మీద.

వేరే చదువులు చదివే పిల్లల తండ్రులకు ఈ బాధ ఉండదు. కొడుకు సివిల్ ఇంజినీరింగు చదువుతున్నాడని ఎవరూ తండ్రిని పునాదిలో వేసి చూడరు. కూతురు లా చదివితే మహా అయితే ఇంట్లో వాదన పెరుగుతుంది. అది ఎటూ ఉన్నదే. అథ్లెటిక్ ట్రైనింగులో బ్యాచిలర్స్ చదివే పిల్ల ఇంట్లో తిరుగుతుంటే మాత్రం, సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నవాడు ఇంటి యజమాని కాదు. రెండు మోకాళ్ళు, రెండు చీలమండలు, ఒక నడుము. అవీ పనీపాటా లేకుండా ఖాళీగా ఉన్నవి.

మేముండేది డాలస్ శివార్లలో. ఇక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, పిల్ల ఏ కోర్సులో చేరిందో మేం అమ్మకు ఫోన్ చేసి చెప్పేలోపే తెనాలిలో తెలిసిపోయింది. అథ్లెటిక్ ట్రైనింగు అనగానే మా వీధిలో మొదటి ప్రశ్న "దాని తర్వాత మెడిసిన్‌కు వెళ్ళొచ్చా?" అని. రెండోది "జీతమెంత వస్తుంది?" అని. అందులో ఏం చేస్తారన్నది తీరిగ్గా మూడోసారి అడిగేవారు. నేను ఒక్క ముక్కలో చెప్పడం అలవాటు చేసుకున్నాను: "ఆటగాడు కిందపడితే సంచీ పట్టుకుని మైదానంలోకి పరిగెత్తేవాళ్ళు ఉంటారే, వాళ్ళు."

"ఓహో, క్రికెట్లో వచ్చి స్ప్రే కొట్టిపోతారే, వాళ్ళా! ఆ మాత్రం దానికి నాలుగేళ్ళెందుకండీ?"

ఇదేదో ఈమధ్య పుట్టిన కోర్సా అని అనుమానపడ్డ ఒక పెద్దాయనకు చరిత్ర అంతా విప్పాను. వీళ్ళ జాతీయ సంఘం 1950లో కాన్సస్ సిటీలో పుట్టింది. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం మన పక్కనే క్యారల్టన్‌లో, మీరు కొరియావాళ్ళ కొట్టుకు కూరగాయలకెళ్ళే ఊళ్ళోనే ఉంది. ఈ పని చేయాలంటే లైసెన్సు ఉండాలని దేశంలో మొట్టమొదట చట్టం చేసింది మన టెక్సస్సే, 1971లో. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కూడా దీన్ని వైద్యానికి అనుబంధమైన వృత్తిగా గుర్తించింది. ఆయన ఓపిగ్గా అంతా విని, "అయితే మెడిసిన్‌కు వెళ్ళొచ్చన్నమాట" అన్నాడు.

అప్పట్లో కాలేజీలో చేరినంత మాత్రాన ఈ కోర్సులో చేరినట్టు కాదు. మొదటి ఏడాది జీవశాస్త్రం, శరీర నిర్మాణం చదివి, పైతరగతి విద్యార్థులు పని చేస్తుంటే వెనక నిలబడి గంటలకు గంటలు చూసి, ఆ తర్వాత అసలు ప్రోగ్రాముకు దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. ఒంట్లో ఎముకలు 206. ఒక్క మణికట్టులోనే ఎనిమిది: స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రమ్, పిసిఫామ్, ట్రపీజియమ్, ట్రపెజాయిడ్, క్యాపిటేట్, హ్యామేట్. ఇవి వరసలో గుర్తుండడానికి తరతరాలుగా విద్యార్థులు చెప్పుకునే ఇంగ్లీషు వాక్యం ఒకటుందట. "ఏదీ, చెప్పు" అన్నాను. మా అమ్మాయి ఎర్రబడి, "వద్దులే నాన్నా, ఎముకల పేర్లే చెప్తాను" అంది. శరీర నిర్మాణ శాస్త్రం ఏ వయసువాళ్ళు రాశారో నాకు అప్పుడు అర్థమైంది.

రెండో ఏడాది మొదట్లో ఒక రాత్రి హాస్టలు నుంచి ఫోన్ చేసి, "ఈ చదువంతా నాలుగు మాటల్లో ఉంది నాన్నా" అంది. అడగడం, చూడటం, తాకడం, పరీక్షించడం. ఆ వరసలోనే. దెబ్బ తగిలిన మనిషి దగ్గరికెళ్ళి ముందు ఎప్పుడు, ఎలా, ఎక్కడ అని అడగాలి. తర్వాత వాపు, రంగు, నడక చూడాలి. ఆ తర్వాతే వేలు పెట్టాలి, అదీ నొప్పి లేని చోటు నుంచి మొదలుపెట్టి. కీలును అటూ ఇటూ కదిపి చేసే పరీక్షలు చిట్టచివర్న.

నేను పెరిగిన ఇంట్లో ఈ వరస సరిగ్గా తలకిందులు. కాలు బెణికిందని అరిస్తే చాలు, ఎవరో ఒకరు వచ్చి బొటనవేలు పట్టుకుని లాగేవారు. అది పరీక్ష. అరుపు పెరిగితే తాకేవారు. తెల్లారి వాచాక చూసేవారు. ఎలా పడ్డావురా అని అడగడం మాత్రం నాన్న ఇంటికొచ్చాకే. అదీ వైద్యానికి కాదు, నాలుగు తగిలించడానికి. అడిగే అవసరం కూడా ఏముంది, నిర్ణయాలన్నీ ముందే సిద్ధంగా ఉండేవి. కాలు పట్టేస్తే నరం మీద నరం ఎక్కింది. కీలు నొప్పెడితే వాతం. మిగిలిన నొప్పులన్నీ, అవి ఎక్కడ పుట్టినా సరే, గ్యాస్.

2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డాయి. పాఠాలు జూమ్‌లోకి వచ్చాయి. కానీ జూమ్‌కు చీలమండ ఉండదు కదా! ఇంట్లోవాళ్ళ మీద చేసి, వీడియో తీసి పంపించమన్నారు. మా అమ్మాయి ఒక అట్టపెట్టె నిండా తెల్ల టేపు చుట్టలు, కోణాలు కొలిచే గోనియోమీటరు, కత్తెరలు పట్టుకుని ఇంటికొచ్చింది. అప్పటికి ఇంట్లో ముగ్గురం: నేను, మా ఆవిడ, ఆర్నెల్ల కోసం వచ్చి విమానాలు ఆగిపోయి చిక్కుకుపోయిన మా అమ్మ. మా ఆవిడ మొదటిరోజే తెలివిగా, "నాకు వంటపని ఉంది" అంది. ఆ లాక్‌డౌన్‌లో ఆవిడ వండినన్ని రకాలు అంతకు ముందు ఎప్పుడూ వండలేదు.

చీలమండకు టేపు చుట్టడమన్నది ఈ చదువులో అక్షరాభ్యాసం. నేను బల్ల మీద కూర్చోవాలి. పాదం బల్ల అంచు దాటి, పిక్కకు 90 డిగ్రీల్లో నిలబెట్టి ఉంచాలి. పలచటి నురుగు పట్టీ ముందు చుట్టి, దాని మీద పైనా కిందా లంగరు పట్టీలు వేస్తుంది. తర్వాత గుర్రపు జీనుకుండే రికాబు మాదిరి మడమ కింద నుంచి పట్టీలు లాగుతుంది. ఆ తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో ఒకటి. చివర్న మడమను అటూ ఇటూ కదలనివ్వకుండా బిగించే తాళాలు. ఎక్కడా ముడత పడకూడదు. పడితే ఆటగాడికి బొబ్బ లేస్తుంది. సందు ఉండకూడదు, ఉంటే అక్కడ చర్మం గిల్లుకుపోతుంది. చేయి తిరిగినవాళ్ళు ఇదంతా రెండు మూడు నిమిషాల్లో ముగిస్తారట. ఎందుకంటే శుక్రవారం ఆటకు ముందు కారిడార్లో జట్టు జట్టంతా కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది.

మా ఇంట్లో రెండు నిమిషాల్లో అయ్యేది కాదు. కారణం మా అమ్మ. మనవరాలి ఒళ్ళో నా పాదం చూడగానే, "ఆడపిల్లరా, లక్ష్మీదేవి! కాలు తగిలిస్తావా? కళ్ళకద్దుకో!" అనేది. నేను వంగి అమ్మాయి చేయి తాకి కళ్ళకద్దుకునేవాణ్ణి. వంగితే పాదం కదిలేది. పాదం కదిలితే 90 డిగ్రీలు పోయేవి. డిగ్రీలు పోతే టేపు ముడతపడేది. ముడతపడితే మళ్ళీ మొదటికి. మళ్ళీ మొదలంటే మళ్ళీ కాలు తగిలేది. నురుగు పట్టీ నిల్వ అయిపోయాక నేరుగా చర్మం మీదే టేపు వేసింది. వేసేటప్పుడు ఏమీ తెలియలేదు. తీసేటప్పుడు నా పిక్క మీది వెంట్రుకలతో పాటు నా పితృప్రేమ కూడా కొంత ఊడొచ్చింది.

అమ్మ వంతు వచ్చినప్పుడు ఇబ్బంది మరో రకం. మనవరాలు టేపు పట్టుకుని పాదాల దగ్గర కూర్చున్నప్పుడల్లా అమ్మ రెండు చేతులూ ఆ పిల్ల నెత్తిన పెట్టి, "దీర్ఘాయుష్మతీ భవ, శీఘ్రమేవ వివాహ ప్రాప్తిరస్తు" అని దీవించేది. వీడియో చూసిన ప్రొఫెసరు, చుట్టడం బాగుంది గానీ పేషెంటు చేతులు క్లినీషియన్ నెత్తి మీద ఎందుకున్నాయని రాశారు. టేపు చుట్టడం పూర్తయ్యాక అమ్మ పాదం అటూ ఇటూ తిప్పి చూసి, "పుత్తూరు కట్టే కదుటే! వాళ్ళయితే ఆకుపసరూ, కోడిగుడ్డు సొనా వేసి, వెదురు బద్దలు పెట్టి కడతారు. మీవాళ్ళు గుడ్డు ఆదా చేశారు" అని తీర్పు చెప్పింది.

గోనియోమీటరు రంగంలోకి దిగాక నా పరువు పూర్తిగా పోయింది. మోకాలు ఎంత మడుస్తామన్నది కొలిచే పాఠం అది. పుస్తకంలో మామూలు మనిషికి 135 డిగ్రీల దాకా అని ఉంది. అమ్మ మడమ వెళ్ళి పిరుదుకు ఆనింది. కొలిస్తే 150 దాటింది. పరికరం సరిగ్గా పెట్టలేదేమోనని అమ్మాయి మళ్ళీ కొలిచింది. అదే లెక్క. వీడియో పంపితే ప్రొఫెసరు ఆశ్చర్యపోయి, మీ నానమ్మ చిన్నప్పుడు ఏ ఆట ఆడేవారని అడిగారు. ఏ ఆటా కాదు, కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని డెబ్భై ఏళ్ళుగా కూరలు తరిగారని జవాబు పంపింది. నాది కొలిచినప్పుడు ప్రొఫెసరు ఏమీ అడగలేదు. వెల్లకిలా పడుకుని కాలు వంచకుండా పైకెత్తమంటే, పాతికేళ్ళుగా కంప్యూటరు ముందు చేసిన సర్వీసంతా నా తొడ వెనక కండరంలో నమోదై ఉందని తేలింది. "నాన్నా, ఇది నీకు 50 ఏళ్ళకు ఉండాల్సిన కాలు కాదు" అంది. ఎన్నేళ్ళకు ఉండాల్సిందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

పరీక్షలన్నీ పెద్దమనుషుల పేర్ల మీద ఉంటాయి. మోకాలు కాస్త వంచి, ఒక చేత్తో తొడా, మరో చేత్తో కింది ఎముకా పట్టుకుని ముందుకు లాగితే అది లాక్‌మన్. లోపలి లిగమెంటు తెగిందా లేదా చెబుతుంది. మోకాలిని మడిచి తిప్పుతూ చాపితే మెక్‌మరీ. బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కితే థామ్సన్. అప్పుడు పాదం దానంతటదే కదిలితే మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు క్షేమం. లాక్‌మన్ చేయడం చిన్న చేతులవాళ్ళకు కష్టమట. ఫుట్‌బాల్ ఆటగాడి తొడ మా అమ్మాయి రెండు చేతులకు కూడా అందదు. అందుకని నా తొడతో మొదలుపెట్టింది. ఒకరోజు నేను హాల్లో బోర్లా పడుకుని, అమ్మాయి పిక్క నొక్కుతుంటే కళ్ళు మూసుకుని ఉన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "కూతురు చేత కాళ్ళు పిసికించుకుంటూ పడుకున్నారా? అంట్లెవరు తోముతారు?" అంది. "థామ్సన్ అమ్మా" అంది అమ్మాయి. "ఎవరైతే ఏం, లేచి తోమమను" అంది మా ఆవిడ.

తలకు దెబ్బ తగిలినవాళ్ళను పరీక్షించే పాఠం మాత్రం అమ్మ సొంతం చేసుకుంది. ఆటగాడు తల గుద్దుకుని లేస్తే, స్పృహలో ఉన్నంత మాత్రాన సరిపోదు. బుద్ధి సరిగ్గా పనిచేస్తోందా లేదా చూడాలి. దానికి వరసగా ప్రశ్నలుంటాయి.

"నానమ్మా, ఇప్పుడు మనం ఎక్కడున్నాం?"

"అదేనమ్మా నాకూ తెలియడం లేదు. ఉగాదికి వెళ్ళిపోదామనుకున్నాను."

"పోయిన ఆటలో ఎవరితో ఆడారు?"

"మీ అమ్మతో. పేకలు దాచేస్తుంది."

ఆ తర్వాత సంవత్సరంలోని నెలల పేర్లు వెనక నుంచి ముందుకు చెప్పాలి. తడబడితే మార్కు పోతుంది. అమ్మ గొంతు సవరించుకుని, ఫాల్గుణం, మాఘం, పుష్యం, మార్గశిరం అని గుక్క తిప్పుకోకుండా అందుకుంది. అమ్మాయి వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. కార్తీకం తర్వాత ఆశ్వయుజం వచ్చింది. దాని వెనకే మళ్ళీ ఆశ్వయుజం వచ్చింది.

"రెండుసార్లు చెప్పావు నానమ్మా."

"ఈ ఏడు అధికమాసం కదుటే! శార్వరి నామ సంవత్సరంలో అధిక ఆశ్వయుజం ఉంది. పదమూడు నెలలు. నీ పుస్తకంలో ఎన్ని వేశారు?"

పుస్తకంలో పన్నెండే వేశారు. నియమం ప్రకారం మా అమ్మకు ఆ మార్కు పోయింది. పంచాంగం ప్రకారం ఆ పరీక్ష తయారుచేసినవాళ్ళకు పోయింది. అదే పరీక్షలో తర్వాతి భాగం, చేతులు నడుం మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వాటం లేని కాలి మీద 20 సెకన్లు నిలబడటం. పెద్దావిడ చేత అది చేయించడం మంచిది కాదని అమ్మాయి నన్ను నిలబెట్టింది. ఎన్నిసార్లు కాలు కింద పెడితే అన్ని తప్పులని లెక్కపెడతారు. నా తల ఎక్కడా గుద్దుకోలేదని తెలిసి కూడా, ఫలితం చూసి అమ్మాయి నా కళ్ళలోకి టార్చి వేసి చూసింది.

ఆగస్టు వచ్చింది. టెక్సస్‌లో ఆగస్టంటే ఫుట్‌బాల్ సాధనలు మొదలయ్యే నెల. ఎండ మన రోహిణికార్తెకు ఏమీ తీసిపోదు. వీళ్ళు ఉత్త ఉష్ణోగ్రత చూసి ఊరుకోరు. ఎండ, గాలిలో తడి, గాలివేగం అన్నీ కలిపి కొలిచే యంత్రం మైదానంలో పెట్టి, అది ఒక గీత దాటితే సాధన తగ్గిస్తారు, ఇంకో గీత దాటితే ఆపేస్తారు. 2001 ఆగస్టు 1న మిన్నెసోటా వైకింగ్స్ జట్టు ఆటగాడు కోరీ స్ట్రింగర్ సాధనలో తగిలిన వడదెబ్బతో చనిపోయాడు. అతని పేరు మీద కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో 2010లో ఒక సంస్థ పెట్టి ఇప్పటికీ దీని మీదే పనిచేస్తున్నారు. ఆటలో వడదెబ్బ తగిలి, ఒంటి లోపలి వేడి 40.5 డిగ్రీల సెల్సియస్ దాటి, మనిషి తికమకగా మాట్లాడుతుంటే, అంబులెన్సు ఎక్కించడం రెండో పని. మొదటి పని ఐసునీళ్ళ తొట్టిలో మెడ దాకా ముంచడం. చల్లార్చి పంపాలి గానీ, పంపి చల్లార్చమనకూడదన్నది సూత్రం.

అమ్మ ఇది విని నవ్వింది. "ఎండకు పడిపోతే ముందు నూతి దగ్గర కూర్చోబెట్టి బిందెలు కుమ్మరించాలి గానీ, బండి కట్టించుకుని గుంటూరు పరిగెడతారుటే? రెంటచింతలలో ఎవర్నడిగినా చెబుతారు. దీనికి నాలుగేళ్ళా?" అమ్మాయి కూడా ఒప్పుకుంది. తేడా అల్లా, లోపలి వేడి కచ్చితంగా తెలియాలంటే థర్మామీటరు నోట్లోనో చంకలోనో పెడితే చాలదు; మలద్వారంలో పెట్టాలి. ఈ మాట అనగానే హాల్లో ఉన్నవాళ్ళం తలో గదిలోకి వెళ్ళిపోయాం. ఆ పాఠానికి కాలేజీలో బొమ్మలున్నాయని, ఇంట్లోవాళ్ళ మీద చేయనక్కర్లేదని చెప్పాకే బయటికొచ్చాం.

ఇల్లు దాటి ఈ చదువు మొదటిసారి మా క్రికెట్ మైదానంలో కాలు పెట్టింది. ఆదివారం పొద్దున్న నలభై దాటినవాళ్ళం కొందరం టెన్నిస్ బంతితో ఆడుకుంటాం. ఆరోజు మా వికెట్ కీపరు క్యాచ్ కోసం వెనక్కి పరిగెత్తి గుంటలో కాలేశాడు. క్షణంలో వైద్యమండలి సమావేశమైంది. ఒకాయన బొటనవేలు లాగితే సొటక్కుమని సర్దుకుంటుందన్నాడు. ఇంకొకాయన వేడినీళ్ళ కాపడమన్నాడు. మూడో ఆయన జేబులోంచి అమృతాంజనం సీసా తీసి, దాంతోపాటు చరిత్ర కూడా తీశాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దీన్ని పెట్టారని, అది అమ్మిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక మొదలైందని, అంటే తెలుగు పత్రికలు నిలబడిందే నొప్పుల మీదనీ చెప్పుకుపోతున్నాడు. కిందపడ్డవాడు మూలుగుతున్నాడు.

నాకు కారు తాళాలివ్వడానికి వచ్చిన అమ్మాయి కీపరు పక్కన కూర్చుంది. "అంకుల్, పడినప్పుడు పాదం లోపలికి తిరిగిందా, బయటికా?"

అడగాలన్నది మంచి సూత్రమే. కాకపోతే తెలుగు మగవాణ్ణి అడిగితే ఏమవుతుందో వాళ్ళ పుస్తకంలో రాయలేదు. ఆయన ఫీల్డింగ్ ఎలా పెట్టారో అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు. ఆ క్యాచ్ నిజానికి మిడాన్‌లో ఉన్నవాడిదని, వాడు ఫోన్ చూసుకుంటున్నాడని, పోయినవారం కూడా ఇంతేనని. అమ్మాయి ఓపిగ్గా వింటూనే బూటు విప్పింది. చీలమండకు రెండు వైపులా ఉండే గుబ్బ ఎముకల వెనక అంచులు, పాదం వెలుపలి అంచున మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే చోటు, లోపలి వైపున ఇంకో ఎముక. ఇవి నొక్కి చూసింది. 1992లో కెనడాలోని ఆటవా వైద్యులు ప్రకటించిన సూత్రాలివి. ఆ చోట్ల ఎముక మీద నొప్పి లేకుండా, మనిషి నాలుగడుగులు వేయగలిగితే, ఎక్స్‌రే అవసరం దాదాపు ఉండదు. ఆయన్ని లేపి నాలుగడుగులు వేయమంది.

వేశాడు. వేసినవాడు ఆగకుండా నేరుగా క్రీజు దగ్గరికెళ్ళి, బ్యాటింగు చేస్తాను, రన్నరు కావాలన్నాడు. ఆడొద్దని అమ్మాయి చెబితే, "2010లో మొహాలీలో మన లక్ష్మణ్ నడుం పట్టేసినా రన్నర్ని పెట్టుకుని 73 కొట్టి ఒక్క వికెట్ తేడాతో ఆస్ట్రేలియాను గెలవలేదా?" అన్నాడు. రన్నర్లను ఐసీసీ 2011లోనే తీసేసిందని అవతలి జట్టు కెప్టెను అడ్డుపడ్డాడు. ఆ పూట ఆయన కాలును కాపాడింది వైద్యశాస్త్రం కాదు, ఐసీసీ.

ఐసు పెట్టాలా వద్దా అన్నది ఇంకో గొడవ. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగింటినీ కలిపి 1978లో గేబ్ మిర్కిన్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. అదే మిర్కిన్ దాదాపు ముప్పై అయిదేళ్ళ తర్వాత, ఐసు మానడాన్ని ఆలస్యం చేయొచ్చని తనే రాశాడు. "మీ చదువే మాట మార్చిందన్నమాట!" అని కాపడమాయన గెలిచినట్టు నవ్వాడు. "అవునంకుల్, పరీక్షించి చూస్తే మారుతుంది" అంది అమ్మాయి. ఆయన తన వైద్యాన్ని ఎప్పుడూ పరీక్షించలేదు కాబట్టి మార్చాల్సిన అవసరం రాలేదు.

మూడో ఏడాది నుంచి ఆమెను మైదానాల మీదికి పంపారు. తెల్లవారకముందే లేచి, నీళ్ళ పీపాలు నింపి, ఐసు మోసి, ఆటగాళ్ళ చీలమండలు చుట్టి, రాత్రి ఆట అయ్యాక పీపాలు కడిగి పడుకోవడం. పక్కనే లైసెన్సున్న ఒక పెద్దావిడ కనిపెట్టుకుని ఉంటుంది. మా ఆవిడ ఒకసారి చూసొచ్చి, "నీళ్ళు మొయ్యడానికి అమెరికా ఎందుకండీ, మా ఊళ్ళో నేను మోసిందే కదా" అంది. ఒక శుక్రవారం నేనూ ఆట చూడ్డానికి వెళ్ళాను. స్టేడియమంతా బంతిని చూస్తోంది. మా అమ్మాయి మాత్రం బంతి వెళ్ళిపోయిన చోటును చూస్తోంది. అక్కడ పడ్డవాళ్ళలో ఎవడు ఆలస్యంగా లేస్తున్నాడు, లేచి ఏ కాలి మీద బరువు మోపడం లేదు. ఆట పూర్తయ్యేసరికి ఆమెకు చేయడానికి ఏమీ తగల్లేదు. ఇవాళ పని బాగా జరిగిందని సంతోషపడింది. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. ఏమీ చెడిపోని రోజున మమ్మల్ని ఎందుకు ఉంచుకున్నారని అడుగుతారు.

2022లో డిగ్రీ చేతికొచ్చింది. నాలుగు గంటల జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష రాసింది, టెక్సస్ లైసెన్సు తెచ్చుకుంది, ఒక హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఈ వృత్తిలోకి రావాలంటే ఇకపై మాస్టర్స్ ఉండాలని సంఘాలన్నీ కలిసి 2015లోనే నిర్ణయించాయి. 2022 శరత్కాలపు సెమిస్టరు తర్వాత బ్యాచిలర్స్‌లో కొత్తవాళ్ళను చేర్చుకోకూడదు. ఈ వార్త మా వీధిలోకి వచ్చేసరికి, "వాళ్ళమ్మాయి చదివాక ఆ కోర్సే ఎత్తేశారట!" అయింది.

2023 జనవరి 2న సిన్సినాటిలో ఫుట్‌బాల్ ఆట మధ్యలో బఫెలో జట్టు ఆటగాడు డమార్ హ్యామ్లిన్ గుండె ఆగిపోయి కుప్పకూలాడు. పరిగెత్తుకెళ్ళి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది ఆ జట్టు అసిస్టెంట్ అథ్లెటిక్ ట్రైనరు డెన్నీ కెలింగ్టన్. హ్యామ్లిన్ బతికాడు, మళ్ళీ ఆడాడు కూడా. ఆ రాత్రి నుంచి మా ఇంటికి ఫోన్లు. స్ప్రే గురించి అడిగిన పెద్దమనిషి కూడా చేశాడు. "మీ అమ్మాయిది చాలా గొప్ప చదువండీ. మెడిసిన్‌కు ఎప్పుడు వెళ్తోంది?"

అమ్మ ఇప్పుడు తెనాలిలో ఉంది. విమానాలు మొదలవగానే వెళ్ళిపోయింది, చదువు మాత్రం మూటగట్టుకుని వెళ్ళింది. వీధిలో ఎవరైనా కుంటుకుంటూ వస్తే, "లాగొద్దు, ఆగండి" అని అరుగు మీద కూర్చోబెడుతుందట. ఎప్పుడు పడ్డావు, ఎలా పడ్డావు, పాదం లోపలికి తిరిగిందా బయటికా అని అడుగుతుందట. గుబ్బ ఎముకల వెనక నొక్కి, నాలుగడుగులు నడిపించి, నడవలేకపోతే ఆటో పిలిచి ఎక్స్‌రేకు తోలేస్తుందట. మొన్న అక్కడి ఆర్‌ఎంపీ డాక్టరుగారు నాకు ఫోన్ చేసి మొరపెట్టుకున్నారు. "ఇదివరకు జనం వచ్చి చెయ్యి చాపేవాళ్ళు, నేను సూది వేసేవాణ్ణి. ఇప్పుడు వచ్చి, 'ముందు అడగరేంటండీ?' అంటున్నారు బాబూ. అసలు మీ అమ్మగారికి లైసెన్సుందా?"

టెక్సస్‌లో అయితే 1971 నుంచీ ఉండాల్సిందేననీ, తెనాలికి ఆ చట్టం వర్తించదనీ చెప్పాను.